పాలబండి

బస్సు ఏ రోజు నిలిచిపోయిందో అడిగితే చెప్పలేను.
ముందు పొద్దున ట్రిప్పు పోయింది,
ఆ తర్వాత సంత రోజు ట్రిప్పు,
ఆఖరికి బోర్డులో మా ఊరి పేరు మీద
ఎవరో తెల్లరంగు పూసినారు.
"జనం ల్యారు" అన్నారంట డిపోలో.
జనం ఉండారు.
బస్సు మెట్టు ఎక్కలేని జనం.

నా పేరు వన్నూరప్ప. పాలబండి తోలుతా.
నాలుగున్నరకు లైట్లేసుకొని వస్తే
పాలకేంద్రం గోడకానుకొని, కంబళ్ళు కప్పుకొని
క్యాన్ల పక్కన క్యాన్ల మాదిరే ఆరుగురు.
మారెక్కకు కండ్లు.
ఎర్రితాతకు పంచె చాటున గొట్టం, ఒంటేలు సంచి.
హుసేన్‌బీకి కాలి పుండు, వారానికి రెండు కట్లు.
ఓబులమ్మకు రోగమేమీ లేదు,
బ్యాంకులో వేలిముద్ర పడదు, పడే దాకా పోవాల.
ఇంగ ఇద్దరు ఎందుకొస్తారో నేనడగను.

ఎక్కించేదే పెద్ద పని.
ఖాళీ క్యాను బోర్లేసి, పైన గోనెపట్ట వేసి,
ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకొకటి దేవుని మీద.
"నిదానం అవ్వా" అంటే
"నిదానం గాక ఉరుకుతానా నాయనా" అంటుంది మారెక్క.

కల్యాణదుర్గం పదిహేడు కిలోమీటర్లు.
వంక దాటే దాకా గుంతలన్నీ నాకు నోటికొచ్చు,
ఏ గుంతకు ఎవరి నడుము మూలుగుతుందో కూడా.
పాలు తొణక్కుండా మూతలుండాయి.
వీళ్ళకేముంది,
ఒకరి మోకాలు ఒకరు పట్టుకుంటారు.

శీతలకేంద్రంలో పాలకు వెన్న చూస్తారు.
రోడ్డవతల ఆస్పత్రిలో వీళ్ళకు చక్కెర చూస్తారు.
అది తగ్గినా ఇది పెరిగినా
తిట్లు మాత్రం ఒకటే.

ఉగాది దాటినాక కొత్త సూపర్‌వైజర్ వచ్చినాడు.
బండి వెనక్కి తొంగి చూసి
"ఇది పాలబండా, పెండ్లిబండా?" అన్నాడు.
పాలు పోసేవాళ్ళు తప్ప ఎవరూ ఎక్కరాదని
కాగితం రాసి అద్దానికి అంటించినాడు.
ఆ రాత్రి నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చినా.
అందరూ గమ్మున విన్నారు.

మర్నాడు లైట్ల వెలుతుర్లో
ఆరుగురూ నిలబడుకోనుండారు,
చేతుల్లో చెంబులు.
మారెక్క చెంబులో పక్కింటి బర్రెపాలు,
హుసేన్‌బీ దాంట్లో మేకపాలు.
ఎర్రితాత ఆవునమ్మి తొమ్మిదేండ్లు,
అంగట్లో ప్యాకెట్టు కొని కత్తిరించి పోసుకొచ్చినాడు.
మా డెయిరీ ప్యాకెట్టే,
పుట్టింటికి పోతాంది పాపం.
ఓబులమ్మ చెంబులో నీళ్ళకు రొంత పాలవాసన.
"పాలు పోసేవాళ్ళమే" అనింది, "రాసుకో."

సూపర్‌వైజర్ వరసగా మిషన్‌లో పెట్టినాడు.
ఓబులమ్మ పాలకు సున్నా.
ఆ సున్నాను శానాసేపు చూసి
"సంతకం?" అన్నాడు.
ఆయమ్మ బొటనేలు చాపింది.
అరవై ఏండ్లు శనక్కాయ పీకి, వొలిచి
చెక్క మాదిరి నున్నగైన వేలు.
ఇంకు పూసి అద్దితే
పుస్తకంలో నల్లగా, నిండుగా పడింది.
ఆమె దానికల్లా వొంగి వొంగి చూసుకొని
"ఈ పుస్తకం బ్యాంకోళ్ళకిస్తావా సారూ?" అనింది.
సారు ఏమీ అనలేదు. తర్వాత చెంబు ముందుకు జరిపినాడు.

కాగితం అద్దానికి ఇంకా అట్లనే ఉంది.
చెంబులూ వస్తాండాయి.

అయితే బండి తిరుక్కొనేది ఎనిమిదిన్నరకు,
డాక్టరు వచ్చేది పదికి.
దానికి పనికొచ్చే చెంబు ఎవరి దగ్గరా లేదు.

అందుకే కానగచెట్టు కింద బండి నిలిపి
బానెట్ ఎత్తుకొని నిలబడతా.
అడిగినోళ్ళకు ఇంజన్ వేడెక్కిందంటా.
హారన్ కొట్టను,
కొట్టినా ముగ్గురికి వినపడదు.
పదకొండున్నరకు ఆస్పత్రి గేట్లోంచి
మొదట ఎర్రితాత కట్టె కనపడుతుంది,
ఆ వెనక కట్టె పట్టుకొన్న ఎర్రితాత.

రోజూ ఎట్ల వేడెక్కుతుంది ఇంజన్ అని
సూపర్‌వైజర్ ఇంతవరకూ అడగలేదు.
నిన్న మాత్రం
ఒక చెంబుడు నీళ్ళు తెచ్చి
నా పక్కన పెట్టి పోయినాడు.