జీవో కాయితం

పలమనేరు దాటినాక మూడో షెడ్డు.
గుడ్లు తగ్గితే మేత ఆపేది, లైట్లు ఆర్పేది.
ఈకలు రాలిపోయి మల్లా కొత్తగా పెడతాయంట.
"ఒక్కపొద్దు అనుకో చెంగమ్మా"
అంటాడు సూపర్‌వైజరు గజేంద్ర.
ఒక్కపొద్దుండేవాళ్లకు
రాత్రికి కూడు ఉంటాది కదన్నా —
అనలేదు నేను.

నిన్న చిత్తూరు నుంచి ఒకాయన వచ్చి
గోడకు కాయితం అంటించిపాయ.
ఇంక పస్తు పెట్టగూడదంట,
రెక్క చాపేంత చోటియ్యాలంట.
నాకు చదువు రాదు. జానతో కొలిస్తే
కాయితం జానా నాలుగు వేళ్లు.
బోనులో ఒక కోడికి
అంత కూడా లేదు.

తెల్లారి చూస్తే గమ్ము ఊడి
కాయితం కింది బోను మీదికి వాలింది.
ముద్ర కొట్టిన చోటే
ముక్కుతో పొడిచి ఉండాది ఒకటి.
కొన కోసేసిన ముక్కు.
నా వేలిముద్ర మాదిరే
వంకరగా పడింది.