రూపాయి బిళ్ళ

పళ్ళికరణైలో కరెంటు పోయింది, రాత్రి రెండుంబావుకి.
ఫ్యాను ఆఖరి చుట్టు తిరగడం విన్నాను.
తర్వాత ఫ్రిజ్ ఒకసారి గొంతు సవరించుకుని
ఊరుకోవడం విన్నాను.
ఆ ఊరుకోవడానికే లేచి కూర్చున్నాను.
పాప లేవలేదు.

ఫ్రీజర్‌లో పంతొమ్మిది పొట్లాలున్నాయి.
ల్యాబ్‌లో, రీజెంట్ల గదికి లోపల గడియ పెట్టుకుని
నైట్ డ్యూటీ నడుమ ఇరవై నిమిషాల చొప్పున
పిండుకున్న పాలు.
ఒక్కోదాని మీద నీలం మార్కరుతో తేదీ, గంట, కొలత.
నవంబరు తొమ్మిది దగ్గర అంకె చిన్నది:
ఆ రాత్రి సూపర్‌వైజరు తలుపు కొట్టాడు.

పాల పక్కన స్టీలు గ్లాసు,
గ్లాసులో గడ్డకట్టిన నీళ్ళు,
వాటి మీద రూపాయి బిళ్ళ.
పెట్టించింది కింది వాటా మరగదం అక్క.
కాశిమేడులో చేపలు కొని మా వీధి మలుపులో అమ్ముతుంది.
మంచు సంగతి ఆమెకి తెలిసినంత
మా ల్యాబ్‌లో ఎవరికీ తెలియదు.
"నువ్వు లేనప్పుడు లోపల ఏం జరిగిందో
కరెంటు చెప్పదమ్మా, బిళ్ళ చెబుతుంది.
అడుగుకి పోయిందంటే అన్నీ పారెయ్."
అప్పుడు నవ్వాను.

తెల్లారేసరికి మెట్ల మూడో వరుస దాకా నీళ్ళు.
శ్రీపెరంబుదూరులో షిఫ్టు దిగిన మనిషి అక్కడే చిక్కుకుని
'ఫ్రీజర్ తెరవకు' అని ఒక్క ముక్క పంపాడు.
నాకు చెప్పాలా అనుకున్నాను.
చెయ్యి మాత్రం పిడి దాకా వెళ్ళి వస్తూనే ఉంది.
తెరిస్తే చల్లదనం పోతుంది,
తెరవకపోతే నా ప్రాణం పోతుంది.

ఎనిమిదింటికి అక్క పైకొచ్చింది,
మోకాళ్ళ దాకా తడిసి, నెత్తి మీద థర్మాకోల్ పెట్టెతో.
రాయిలా బిగిసిన వంజరం ముక్కలు.
"నీది సగం ఖాళీ. సగం ఖాళీ అయితే ఒక్క రోజే ఆగుతుంది."
నిండుకుండ తొణకదని మనం అంటాం.
ఆమె అదే మాట తమిళంలో, మంచు గురించి అంది.

మూడు అంకెలు లెక్కపెట్టే లోపు తెరిచి మూశాం.
చేపలు కింద, పాలు పైన.
కారితే పాలే చేపల మీద కారాలి.
బిళ్ళ పైనే ఉంది.
ఫ్రిజ్‌కి నా పెళ్ళి రగ్గు కప్పాం.
అత్తగారు ఫోనులో "పాల పక్కన చేప..." అంటుండగా
ఛార్జింగు అయిపోయింది.
దేవుడున్నాడు.

పాపకి ఇవేవీ పట్టలేదు.
నా దగ్గరే తాగింది, నా మీదే నిద్రపోయింది.
మరి ఎందుకింత ఆరాటమంటే,
సోమవారం రాత్రి నేనుండను.
ఆ పొట్లాలుంటాయి.

ముప్పయ్యెనిమిది గంటల తర్వాత
వీధి మొత్తం ఒక్కసారి అరిచింది.
అక్కా నేనూ ఆ అరుపులో కలవలేదు,
ఫ్రీజర్ ముందు కూర్చున్నాం.

బిళ్ళ మునగలేదు, తేలనూ లేదు.
ఒక అంచు నీళ్ళలోకి వంగి
రెండో అంచు మంచుని పట్టుకుని ఉంది.

"ఒక్కొక్కటీ నొక్కు. లోపల గింజ తగిలితే ఉంచు."
ఆమె చేపల్ని నొక్కింది, నేను పాలని.
పద్నాలుగింటిలో గింజ తగిలింది.
తలుపు వైపున్న ఐదూ ఉత్త నీళ్ళలా జారాయి.
నాలుగు పొట్లాలు సింకులో గబగబా ఒంపేశాను.
ఐదోది నవంబరు తొమ్మిది.
అన్నిట్లోకీ తక్కువ పాలు,
ఒంపడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

అక్క ఏమీ అనలేదు.
తన ముక్కల్లో మెత్తబడ్డవి ఏరి
ఈ పూటే వండెయ్యాలని కిందికి పోయింది.

గ్లాసు కడిగి కొత్త నీళ్ళు పోసి లోపల పెట్టాను.
గడ్డకట్టాకే బిళ్ళ పెట్టాలట.
అందాకా అది నా గుప్పిట్లో
వెచ్చగా ఉంది.