ఎద

నవంబరు. కెల్సో దాటాక ట్వీడ్ నది వంపులో
రాళ్లగోడల వెనక గొర్రెల పాక.
నాలుగున్నరకే పొద్దు కుంకింది.
చీకటి పెరుగుతున్న సంగతి
నాకంటే ముందే తెలుసు
నాలుగు వందల పదిహేడుకు.

అది గొర్రె. చెవికి పసుపు బిళ్ల.
దాని కంట్లో దూరిన వెలుగును
తల లోపల ఎవరో రోజూ కొలుస్తారు,
సోలెడు తగ్గిందా, తవ్వెడు తగ్గిందా అని.
తగ్గితే కబురు:
వేళయింది, పొట్టేలును రానీ.

ఎద అంటే గుండె అని బడిలో రాశాను.
పశువు ఎదకొచ్చిందని చెప్పేటప్పుడు మాత్రం
మా మేనత్త గొంతు తగ్గించేది.
ఒక్క మాటకి రెండు కాపురాలు.
నిజానికి రెండిళ్లకూ అద్దె కట్టేది మెదడే.
దాని అడుగున బాదంపప్పంత చోటులో
ఆకలీ కోరికా తోడికోడళ్లు,
ఒకతె పొయ్యి ఆరితే
రెండోది గడప దాటదు.

పది నిమిషాలకో సీసా, తెల్లవార్లూ.
ఐలీన్ టర్న్‌బుల్ టార్చి పడుతుంది,
నేను మెడ నరంలోంచి నెత్తురు తీసి చీటీ అంటిస్తాను.
పోయిన వారం కాగితాల్లో
కడుపునిండా మేసినవాటికి గంటకో అల లేచింది,
ఎవరో తలుపు తట్టినట్టు.
పసుపు బిళ్లలకు సగం మేత.
వాటి గీత
ఇస్త్రీ చేసిన దుప్పటి.

చీకటి రమ్మంది.
ఒంటి కొవ్వు రాయాల్సిన ఉత్తరం రాలేదు.
కరువనుకుంది మెదడు. ఈ ఏడు బిడ్డ వద్దంది.
కోపం కాదు, శిక్షా కాదు.
ఇల్లు నడిపేవాళ్ల లెక్క.

"నువ్వేమన్నా తిన్నావా?" అంది ఐలీన్.
తలూపాను.
మధ్యాహ్నం ఒక ఆపిల్. నిన్న రాత్రి ఏమిటో గుర్తులేదు.
థీసిస్, రాత్రి పనులు, అద్దంలో తేలిన మెడ ఎముకలు.
మొదట్లో వాటిని చూసి కాస్త గర్వపడ్డాను కూడా.
జూలైలో కొన్న ప్యాడ్ల ప్యాకెట్
బాత్రూం అల్మారాలో ఇంకా విప్పనేలేదు.
ఈ మూడు నెలలూ
నా చెవికి బిళ్ల లేదని
నేను వేరే గుంపనుకున్నాను.

మూడు గంటల పది.
నాలుగు వందల పదిహేడు నా కోటు జేబులో మూతి పెట్టింది.
లోపల ఐలీన్ కుక్కిన ఓట్ల బిస్కెట్లు రెండు.
దానికి పెడితే ప్రయోగం పాడు.
అటు తిరగకుండా,
దాని కళ్లముందే,
రెండూ తిన్నాను.

నములుతున్నంతసేపూ అది నా దవడనే చూసింది.
చేతికంటిన నూక మాత్రం నాకనిచ్చాను.
ఆ తర్వాత
మూడు ఇరవై సీసా మీద చీటీ అంటించి
పక్కన చిన్నగా రాశాను: నూక.