ఐసు చప్పుడు

పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో
ఊపిరి కొలిచే గది నాది.
పద్నాలుగేళ్లుగా నా నోట ఒకటే మాట:
ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా...
ఇంట్లో పాలు పొంగుతున్నా అదే అరుస్తాను.

ఆ రోజు ఆఖరున వచ్చిన మనిషి
తెడ్డు పరసమ్మ.
ఫిషింగ్ హార్బర్ వెనక షెడ్డులో
పద్దెనిమిదేళ్లు రొయ్యల తలలు తుంచింది.
ఆ ఆవిరి పడక మానేసి రెండేళ్లు.
ఆ కూర వండదు, ఆ వీధిన పోదు.

"అయినా బాబూ, తెల్లారగట్ల మూడింటికి
ఐసు మిల్లు ఆడతాది సూడు,
కర్రుమని ఆ సప్పుడు ఇంటే సాలు
గొంతులో ఎవులో వల ముడేసి లాగినట్టుంటాది.
కంపు నేదు. ఆవిరి నేదు.
ఒట్టి సప్పుడే."

నా ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: దేనివల్ల?
దుమ్ము, పుప్పొడి, బొద్దింక, పిల్లి వెంట్రుక,
రొయ్య, పీత.
చప్పుడుకి గడి లేదు.

ముక్కుకి క్లిప్పు పెట్టాను, గొట్టం అందించాను.
మొదటిసారి ఊదింది.
తెర మీద గీత నిటారుగా లేచి
యారాడ కొండలా ఏటవాలుగా దిగింది.
బాగానే ఉంది.
రెండోసారికి గాలి పీల్చుకుంటుండగా
గేటు బయట చెరకు రసం బండివాడు
గోనెసంచిలో ఐసుగడ్డ పెట్టి
చెక్కసుత్తితో బాదడం మొదలెట్టాడు.

ఆమె కళ్లు ముందు విన్నాయి.
తర్వాత మెడ.
గీత లేచింది గాని
నడుము విరిగినట్టు లోపలికి వంగిపోయింది.
ఈల ఒకటి, సన్నగా,
ఆమె రొమ్ములోంచి నా బల్ల దాకా.

డాక్టర్ మేరీ సుగుణ గారు వచ్చి
మందుల చీటీ వెనక బొమ్మ గీశారు.
పుర్రె అడుగున మొదలై, మెడలోంచి జారి,
ఊపిరితిత్తుల్లో కొమ్మలేసే నరం.
దాని లాటిన్ పేరుకి
తిరుగుబోతు అని అర్థమట.
లోపలి కబురు మెదడుకి మోస్తుంది,
మెదడు ఆజ్ఞ వెనక్కి తెస్తుంది: ముడుచుకో.
"మొదట్లో రొయ్యకే ముడుచుకునేది.
రోజూ రొయ్యా ఐసూ జంటగా వస్తుంటే
రెండింటినీ ఒకే ఖాతాలో రాసేసుకుంది.
రక్తంలో ఎంత పగ ఉందో
పరీక్ష చేసి చెప్పగలను.
నరానికి ఎంత గుర్తుందో చెప్పలేను."

పరసమ్మ బొమ్మని తిప్పి తిప్పి చూసింది.
"అయితే నాను పని మానేసినానని
ఈ నరానికి ఎవులు సెప్పాల బాబూ?"

డాక్టరమ్మ ఫ్యాను వంక చూశారు.
నేను కాగితం చుట్ట సర్దాను,
అది సరిగ్గానే ఉన్నా.

మందు పీల్పించాం.
నరం వేసే కేక
కండరం చెవిన పడకుండా మూసే మందు.
పావుగంట ఆగాలి.
బెంచీ మీద ఆమె, గడియారం కింద నేను.
ఈల తగ్గుతోంది.
చీరకొంగు మీద ఆమె చేతులు మాత్రం కదులుతున్నాయి:
ఎడమ వేళ్లు పట్టుకోవడం,
కుడి బొటనవేలు తుంచి, విదిలించడం.
ఒడిలో ఏమీ లేదు.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.
నిమిషానికి ఇరవై రెండు.
లెక్కపెట్టింది ఊపిరి కాదు.

లేచి గేటు దాకా వెళ్లాను.
"పావుగంట ఐసు కొట్టకు తమ్ముడూ."
"ఐసు లేని రసం ఎవరు తాగుతారు సార్?"
"నేను తాగుతాను. రెండు గ్లాసులు పొయ్యి."
వాడు నా వైపు వింతగా చూసి
సుత్తి పక్కన పెట్టాడు.

గోరువెచ్చని రసం చెరో గ్లాసు.
"తీపెక్కువైపోనాది," అంది పరసమ్మ.
తాగడానికి చేతులు ఆపింది.
సరేనని మళ్లీ గొట్టం అందించాను.
ఈసారి ఎందుకో, ఊదండి అని
గట్టిగా అనలేకపోయాను.