మూల మీట

కేజీహెచ్ మెట్లు దిగుతుంటే డాక్టరమ్మ మాట వెంట వచ్చింది:
"చిటికెన వేలికి పది రోజులు పని చెప్పకండి."

పదేళ్ళుగా దానికి ఒకటే పని.
కీబోర్డు ఎడమ మూలకి ఒంగి
కంట్రోల్ మీటని అదిమిపట్టి ఉండడం,
మిగతా వేళ్ళు వచ్చి తమ మాట చెప్పి పోయేదాకా.
సేవ్ అన్నా అదే, వెతుకు అన్నా అదే,
చేసిన తప్పు వెనక్కి తీసుకోవాలన్నా అదే.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర మా ఆఫీసు.
రేవులోకి ఏ ఓడ ఎప్పుడు రావాలో
లెక్కకట్టే ప్రోగ్రాము నాది.
కిటికీ తీస్తే ఖనిజం ధూళి, మూస్తే ఉక్క.
మీటల సందుల్లో చేరిన ఎర్రటి పొడిని
నూకరత్నం పాత టూత్‌బ్రష్‌తో దులుపుతూ అంటుంది:
"ఈ మూలదాని మీద రాత అరిగిపోనాదమ్మా."

దానికి పైన, రెండు మీటల వెడల్పున
క్యాప్స్ లాక్.
రాత ఇంకా కొత్తగా మెరుస్తోంది.
ఇంగ్లీషు అక్షరాలకి పెద్దరికం ఇవ్వడమే దాని కొలువు.
మన అక్షరాల్లో పెద్దా చిన్నా ఏముంది?
వాక్యం మొదట్లోనైనా చివర్లోనైనా
'అ' అంటే 'అ'నే.

ఆ రాత్రి డాల్ఫిన్ నోస్ దీపం
తిరిగి తిరిగి గదిలోకి తొంగిచూస్తుంటే
ఎడిటరు సెట్టింగులు తెరిచి రెండు వరుసలు రాశాను.
పైది కిందికి. కిందిది పైకి.

ఈ మీటలు నాకెందుకో కొమ్ములూ సుడులూ.
ఒంటరిగా నొక్కితే పలకవు.
'క' వచ్చి పక్కన నిలబడితేనే 'కు', 'కృ'.
కొమ్ము మరిచానని బళ్ళో మాష్టారు
ఈ వేలిమీదే కొట్టారని రాద్దామనుకున్నాను.
అబద్ధం. అరచేతి మీద కొట్టారు.

పొద్దున్న ఆ సంగతి వేలికి ఎవరూ చెప్పలేదు.
ఇల్లు మారిన మర్నాడు
పాత వీధిలోకే నడిచిపోయినట్టు
తిన్నగా మూలకే వెళ్ళింది.
తెరమీద ఓడల పేర్లన్నీ కేకలు పెట్టాయి.

అలా మూడు రోజులు.
నాలుగోనాడు సేవ్ కొట్టాక చూసుకున్నాను,
మణికట్టు కదల్లేదు.

రాత్రి డ్యూటీ పైడంనాయుడు మాత్రం
"ఏటండీ, మీ మిషను నన్ను అరస్తన్నాది" అన్నాడు.
చీటీ రాసి తెర అంచున అంటించాను:
'మూలది పైన ఉంది.'
తెల్లారేసరికి దాని కింద అతని పెన్సిలు:
'మరి పైదాన్నేటి సేసేరు?'

జవాబు రాయలేదు.
కింద టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుంటే
చిటికెన వేలు ఎవరికీ ఏమీ కాని దానిలా
గాలిలోకి లేచి ఉంది.
సలుపు ఇంకా ఉంది, కొంచెం.
రేవులో ఏదో ఓడ కూత వేసింది,
నా లెక్క కన్నా ఇరవై నిమిషాలు ఆలస్యంగా.