ఇంటి నెంబరు, బై ఏ

కొత్తవాడల మా ఇంటి గోడలు రెండు జానెల మందం.
మామ తండ్రి కట్టిన నాడు
ఎండ లోపలికి రావద్దనుకున్నడు గానీ
గాలిల నుంచి బొమ్మలొస్తయని
ఆయనకెవలు చెప్పిండ్రు.

కేబుల్ ఓదెలు ముందటర్రల తెల్ల డబ్బ ఒకటి పెట్టిపోయిండు.
దానికి జతగ టీవీ కింద నల్లది.
నడుమ తీగ లేదు, తోక లేదు,
గోడ మీది పిల్లుల లెక్క కండ్లార్పుకుంట మాట్లాడుకుంటయి.
ఎనిమిదిన్నరకు అత్త వాటి ముందట కూసుంటది.

నా పని వెనుకర్రల.
మగ్గం గుంత మీద పలకలు పరిచి, ఆ పైన బల్ల ఏసి,
ఏ దేశపు దవాఖానలనో పండుకున్నోళ్ల రోగాలకు
రాత్రంతా అంకెలు తొడుగుత.
విరిగిన మోచేతికి ఒక నెంబరు.
కుక్క కరిస్తే ఒకటి.
ఆడిదాకా వచ్చేసరికి సిగ్నలు ఒంటి గీత,
కూసుంటే అందుతది, లేస్తే పోతది.

మూడో నెల జీతంల పద్దెనిమిది వందలు తీసి
చౌరస్తాల రౌటరు కొన్న.
"ఉన్నది గద ఒకటి" అన్నడు మా ఆయన.
ఉన్నది.
బాయి ఉన్నది. చేద నాది కావాలె.

శనివారం రాత్రి పసుపుపచ్చ తీగను
దర్వాజ కింది సందుల నుంచి గుంజి,
తిరుగుడు మానేసిన రాట్నం పక్క నుంచి తెచ్చి,
కనబడ్డ బొక్కల గుచ్చిన.
ఇక్కడ పచ్చ దీపం వెలిగింది.
అక్కడ సీరియల్ ఆగింది.
కోడలు చెంపదెబ్బ తినబోయే కాడ
అత్తగారి చెయ్యి గాలిలనే,
నడుమ ఒక సున్న గిర్రున తిరుగుతాంది.
"నీ డబ్బ మా డబ్బను మింగిందే!"

ఓదెలుకు ఫోన్ చేస్తే
బయటి డబ్బలకు మాకు సంబంధం లేదన్నడు.
అని, ఫోన్ పెట్టకుంట,
"రెంటికీ ఒకటే నెంబరుంటది వదినా, చూసుకో" అన్నడు.

చూసిన.
నూట తొంబై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి, ఒకటి.
అదీ అదే. ఇదీ అదే.
రెండిండ్లకు ఒకే నెంబరుంటే పోస్టుమ్యాన్ ఏం జేస్తడు,
ఉత్తరం పట్టుకొని సందుల తిరుగుతాండు పాపం.

ఇది మా ఇంట్ల కొత్తది గాదు.
మామ, చిన్నమామ పాలు పంచుకున్న యేడు
నడుమ గోడ లేస్తే, మున్సిపాలిటోళ్లు వచ్చి
పాత నెంబరు పక్కన నీలి రంగుతోటి గీత గీసి
బై ఏ అని రాసిపోయిండ్రట.
ఆనాటి నుంచి ఎవలి ఉత్తరం వాళ్లకు.
నేను గూడ మూడో కాడ ఒకటి కొట్టేసి రెండు పెట్టిన.
తీగను నాలుగు బొక్కల వరుసల నుంచి పీకి
ఎడంగ ఒక్కటే ఉన్న నీలి బొక్కల పెట్టిన.

అవతల చెంపదెబ్బ పడ్డది.
"హమ్మయ్య" అన్నది అత్త.

తర్వాత తెర అడిగింది, పేరేందని.
కరెంటు బిల్లు మామ పేరు మీద, ఆయన పోయి తొమ్మిదేండ్లు.
గ్యాసు బుక్కు మా ఆయనది.
నల్లా ఇంకా మామ తండ్రిదే.
కొంచెంసేపు వేలు ఆడలే.
వనజ, అని కొట్టిన.
ఇంటిపేరు పెట్టలే. ఏది పెట్టాలె?

తెల్లారి చిన్నమామ మనుమడు గోడ మీదికెక్కి,
"చిన్నమ్మా, నువ్వు మా ఫోన్ల కనబడుతున్నవ్,
తాళమేసి!"

వానలకు ముందటర్ర కురిసింది.
టీవీ నా అర్రలకొచ్చింది, నల్ల డబ్బ సుత.
తెల్లదాని పిలుపు దానికి అందలే.
రిమోటు అడిగితే అత్త ఇయ్యలే.
"నువ్వు చెప్పు, నేను కొడత."
ఆమెకు ఇంగ్లీషు రాదు.
"మొదలు, నిచ్చెన మెట్టు లెక్కది."
"ఆఁ."
"పక్కన గాజు."
"ఆఁ."
"ఇగ కొంకి. కింద ఎడమకు తిరిగింది."
తెగిన పోగు అతికేటప్పటి లెక్క
ముక్కు దగ్గరికి పెట్టుకొని
గడి గడి జరుపుకుంట పోయింది.
పదకొండు అక్షరాలకు పావుగంట.
రెండుసార్లు తప్పన్నది.
మూడోసారికి రానిచ్చింది.

మిగతా ఎనిమిది ఏందో రాయను.
గోడ మీద పిలగాడున్నడు.