గేటు చీటీ

బ్రాడీపేట నాలుగో లైన్లో, జిరాక్సు షాపు పైన గదిలో
ఫ్యాను రెక్కలకి కూడా మిరప ఘాటే.
తుమ్ముతూనే కోడు రాశాను మూడు నెలలు.
పేజీ నాది, ధరలు యార్డువి.
నా సర్వరు ఒకచోట, వాళ్ళ సర్వరు ఇంకోచోట,
మధ్యలో క్రోసూరు కోటిరత్నమ్మ చేతిలో
అంచు పగిలి రబ్బరు బ్యాండు వేసిన ఫోను.

పొద్దున తొమ్మిదింటికి నొక్కింది.
తెల్ల పేజీ. తిరిగే సున్నా,
ఎద్దు లేని గానుగ.
"వాళ్ళు ఇయ్యలేదా అమ్మాయ్, నీకు అందలేదా?"

ఎట్లా చెప్పను?
ఇచ్చారు. వచ్చింది కూడా.
తేజ రకం ధర, గంటా నిమిషంతో సహా
ఈ ఫోను దాకా వచ్చి
గుమ్మంలో నిలబడిపోయింది.
జవాబు మీద మన పేరు రాసి లేదని
మన బ్రౌజరే మనకి చూపించదు.
ల్యాప్‌టాప్ ఐతే ఎర్రక్షరాల్లో తిడుతుంది,
ఫోనులో ఆ తిట్టు కూడా కరువే.

"ఓస్, గేటు చీటీనా!" అంది.
నిరుడు నలభై టిక్కీలతో
రాత్రంతా యార్డు బయట ట్రాక్టరు కింద పడుకుందట.
సరుకుంది, కాటా ఉంది,
చీటీలో ఊరి పేరు తప్పు.

దొడ్డిదారులు నాకు తెలుసు.
ధరని స్క్రిప్టు గోతంలో కుట్టి తెప్పించవచ్చు,
ఆ గోతంలో ఇంకేం కుట్టి పంపారో చూసేదెవరు?
నా సర్వరునే పంపి అడిగించవచ్చు,
అప్పుడామె ఖాతా నంబరు నా గదిలో నిద్రచేస్తుంది.
రెండూ మనసొప్పక ఫోన్ చేశాను.

యార్డు కంప్యూటర్ గదిలో ఇశ్రాయేలు
బజ్జీ నములుతూ అన్నాడు:
"నక్షత్రం పెట్టేస్తా మేడమ్, ఎవరైనా రావచ్చు."
ఖాతా మోసుకొచ్చేవాళ్ళకి నక్షత్రం చెల్లదు బాబూ,
మా పేరే రాయి.
ఒక్క పంక్తి. రెండుసార్లు చదివించాను.
చివర ఏటవాలు గీత ఎక్కువైందని మూడోసారి.

మూడున్నరకి
ముందు ఒక చిన్న పలకరింపు వెళ్ళింది, రావచ్చా అని.
రమ్మన్నాక అసలుది.
ధర వచ్చింది.

ఈలోపు పదకొండింటికే ఆమె టిక్కీలు పోయాయి.
పట్టీ మడిచి జాకెట్లో దోపుకుని
మళ్ళీ మెట్లెక్కి వచ్చింది, చూద్దామని.
అంకె చదవబోయాను.
తెర మీద అరచెయ్యి పెట్టేసింది.
తొడిమలు తీసి తీసి మంటారని చెయ్యి.
"రేపు మా వెంకాయమ్మ వస్తది. దానికి చూపియ్యి."

వేళ్ళ సందుల్లోంచి
వెలుగు వస్తూనే ఉంది.